చెట్టున్న నేలను ఖాళీ అన్న చట్టం

జుబ్బా నది ఒడ్డున రైతుకూ అడవికీ మధ్య చిచ్చు పెట్టిన షరతుల కథ

  సోమాలియాలోని జుబ్బా నది ఒడ్డు చెట్ల గురించి వెతుకుతూ పోతే 1975 నాటి ఒక భూచట్టం ఎదురైంది. ఆ ఒడ్డున చెట్లు ఎందుకు తరిగిపోయాయో చాలావరకు అందులోనే ఉంది.

ముందు ఆ నేల సంగతి. ఇథియోపియా కొండల్లో పుట్టిన జుబ్బా కిస్మాయో దగ్గర హిందూ మహాసముద్రంలో కలుస్తుంది. మధ్య జుబ్బా రైతు అక్కడి నేలను మూడు రకాలుగా చూస్తాడు. ఏటిగట్టు వాలులోని చేను జీమో. వరద తీయగానే తడి ఒండ్రులో విత్తనం పడుతుంది. వరద నీళ్లు చేరి నిలిచే పల్లం ధషేగ్. నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ అంచు వెంబడి వరస తర్వాత వరస మొక్కజొన్న, నువ్వులు వేస్తూ పోతారు. మెరక మీది చేను డోంక్. అక్కడ వాన పడితేనే పంట. పొట్టి పిడి ఉన్న యాంబో అనే పారతోనే సాగంతా. వరద ముంచితే గట్టు చేను పోతుంది, పల్లం ఆదుకుంటుంది. వాన మొహం చాటేస్తే మెరక ఎండుతుంది, గట్టు తిండి పెడుతుంది. అందుకే ఒక్కో కుటుంబం వీలైనంతవరకు అన్నిచోట్లా కాస్త కాస్త భూమి ఉంచుకునేది.

చెట్లు ఈ చేల నడుమే ఉండేవి. గట్టు మీద మేడి జాతి మహావృక్షాలు వేళ్లతో మట్టిని పట్టి ఉంచేవి. చింత నీడనూ పులుపునూ ఇచ్చేది. లావాటి మానును తొలిస్తే దోనె అయ్యేది. తొలిచిన దుంగను కొమ్మకు కడితే తేనెటీగలు చేరేవి. సత్తువ తగ్గిన చేనును కొన్నేళ్లు పడావు పెడితే పొదలూ తుమ్మలూ లేచి నేల మళ్లీ కోలుకునేది.

1975లో సియాద్ బారే ప్రభుత్వం తెచ్చిన చట్టం భూమంతా ప్రభుత్వానిదేనంది. సాగు చేసుకోవాలంటే 50 ఏళ్ల కౌలు పట్టా పుచ్చుకోవాలి. నీటి వసతి ఉంటే 30 హెక్టార్లు, వానాధారమైతే 60 హెక్టార్లు దాటకూడదు. కుటుంబానికి ఒకటే పట్టా. వరసగా రెండేళ్లు సాగు చేయకపోతే అది పోతుంది.

చివరి రెండు షరతులే కొంప ముంచాయి. మూడుచోట్ల చేలున్న కుటుంబం చట్టం ప్రకారం ఒక్కదాన్నే తన పేర రాయించుకోగలదు. మిగిలినవి ఎవరు రాయించుకున్నా అడిగే హక్కు లేదు. రెండేళ్ల షరతు నేరుగా చెట్టు మీద వేటు వేసింది. పడావు పెట్టి చెట్టును పెరగనిచ్చినవాడికి భూమి దక్కదు, కొట్టి చదును చేసినవాడికి దక్కుతుంది. దరఖాస్తు మొగదిషులోని మంత్రిత్వ శాఖ దాకా వెళ్లాలి. 1987-88లో మధ్య జుబ్బాలోని ఒక ఊళ్లో ఉండి పరిశోధించిన మానవశాస్త్రవేత్త కేథరిన్ బెస్ట్‌మన్ ఈ వ్యవహారం గురించి లోతుగా రాశారు. తరాలుగా దున్నుకుంటున్న నేలను బయటి ఉద్యోగులూ వ్యాపారులూ పట్టా చేయించుకున్నారు. సర్కారీ క్షేత్రాలకు ఆ పరిమితులే లేవు. మరేరే దగ్గర చెరకు తోటలు వచ్చాయి. 1980ల చివరికి షూంతో, బరాకో మదో లాంటి కొద్ది చోట్లే పాత నదీతీర అడవి మిగిలింది.

ఈ రైతుల చరిత్ర క్లుప్తంగా: షబెల్లె నది ఒడ్డు తోటల్లో బానిసలైన యావో, మకువా, జిగువా తదితర జనం 19వ శతాబ్దంలో పారిపోయి జుబ్బా అడవుల్లో ఊళ్లు కట్టుకున్నారు. గోషా అని పేరుపడ్డ ఆ ప్రాంతానికి నసీబ్ బుందో నాయకుడయ్యాడు. ఇటలీ పాలన వచ్చింది, 1960లో స్వాతంత్ర్యం వచ్చింది, 1991లో ప్రభుత్వం కూలింది. ఆ తర్వాతి అంతర్యుద్ధంలో దోపిడీకి గురైన ఈ రైతులు వేలమంది కెన్యా శిబిరాలకు చేరారు. 2003 తర్వాత దాదాపు 12 వేల మంది అమెరికాలో స్థిరపడ్డారు.

చింత పుట్టిల్లు
మన పులుసులో పడే చింత స్వస్థలం ఉష్ణమండల ఆఫ్రికా. సోమాలీలు దాన్ని రకాయ్ అంటారు. రేగు, నల్ల తుమ్మ కూడా అక్కడా మన దగ్గరా పెరిగేవే.

సర్కారు తుమ్మ అక్కడా
మన చెరువు గట్లను కమ్మేసిన సర్కారు తుమ్మ అమెరికా ఖండాల మొక్క. సోమాలియాలోనూ నాటారు. ఇప్పుడు ఏటిగట్లనూ సాగు ఆగిన చేలనూ ఆక్రమిస్తోంది. అక్కడి పేరు గరన్‌వా.

నది ఒడ్డున మళ్లీ మొక్కలు నాటాలనే మాట వినడానికి బాగుంటుంది. కానీ హక్కు తేల్చకుండా నాటితే నాకు నమ్మకం లేదు. రేపు ఎవరిదవుతుందో తెలియని గట్టు మీద మొక్కకు ఎవరు నీళ్లు పోస్తారు? పడావు కూడా సాగులో భాగమేనని చట్టం ఒప్పుకోవాలి. గట్టు, పల్లం, మెరక మూడూ ఒకే కుటుంబం పేర నిలవాలి. వలస వెళ్లి తిరిగొచ్చిన రైతుకు తన చేను తనకు దక్కాలి. మొక్కలు నాటే పని ఆ తర్వాతే.