కారులో లస్కరు

పిల్లలూ! కాలువ మీద లస్కరు చేసే పని మీలో కొందరు చూసే ఉంటారు. నీరు ఎక్కువైతే అతను షట్టరు దించుతాడు, తక్కువైతే ఎత్తుతాడు. అతను నీటిని పుట్టించడు. కాని అతను నిద్రపోయాడా, పొలం మునగనైనా మునుగుతుంది, ఎండనైనా ఎండుతుంది. కారులో కూడా అలాంటి లస్కరు ఒకడున్నాడు. వాడు నిద్రపోతే మాకేమయిందో, వాడి మకాం ఎందుకు మార్చవలసివచ్చిందో చెబుతాను.

మిర్యాలగూడలో మా తాతగారికి ఒక పాత కారు ఉన్నది. దానికొక రోగం పట్టుకున్నది. బ్యాటరీలో నీళ్ళు పోసిన పది రోజులకే ఇగిరిపోయేవి. ఒక్క ఏడాదిలో రెండు బ్యాటరీలు మార్చవలసివచ్చింది. తాతగారు ప్రతిసారీ బ్యాటరీనే తిట్టిపోసేవారు.

రెండేళ్ళ కిందట అందరం కోదాడలో ఒక పెళ్ళికి వెళ్ళి, రాత్రి భోజనాలయాక సూర్యాపేటకు బయలుదేరాం. అది హైదరాబాదు-విజయవాడ రహదారి. పూర్వం దాని నంబరు 9, ఇప్పుడు 65. మామయ్య కారు నడుపుతున్నాడు. వేగం పెరిగినకొద్దీ ముందు దీపాలు పట్టపగలులాగా వెలగసాగాయి.

"మన దీపాలు ఎంత బాగున్నాయో!" అని తమ్ముడు సంబరపడ్డాడు.

అంతలోనే ఒకదాని వెంట ఒకటి రెండు దీపాలూ మాడిపోయాయి. ముందు కటిక చీకటి, వెనక లారీల హోరు. మామయ్య ఎలాగో కారును రోడ్డు అంచుకు తెచ్చి ఆపాడు. ఒక లారీ డ్రైవరు మా అవస్థ చూసి, తన బండిని నెమ్మదిగా మా ముందు నడిపాడు. ఆ లారీ వెనక ఉన్న ఎర్రదీపాలే దారి చూపగా, ప్రాణాలు అరచేత పెట్టుకుని సూర్యాపేట చేరాం.

తెల్లవారాక కారును ఒక ఆటో ఎలక్ట్రీషియను దుకాణానికి తీసుకుపోయాం. అతను బ్యాటరీకి మీటరు తగిలించి, ఇంజను వేగం పెంచమన్నాడు. మీటరు 15 వోల్టులు చూపింది, తరవాత 16, ఆ తరవాత 17! వెంటనే ఇంజను ఆపించేశాడు.

"తప్పు బ్యాటరీది కాదు పెద్దయ్యా! దాన్ని రోజూ ఉడకబెడుతున్నారు. మీ రెగ్యులేటరు పోయింది," అన్నాడతను.

అదేమిటో తెలియాలంటే ముందు ఆల్టర్నేటరు సంగతి తెలియాలి. కారు ఇంజను ఒక బెల్టుతో దాన్ని తిప్పుతుంది. దాని నడుమ ఒక తీగచుట్ట ఉంటుంది. అందులో కాస్త విద్యుత్తు పారితే అది అయస్కాంతమవుతుంది. ఆ అయస్కాంతం తిరిగితే, చుట్టూ ఉన్న తీగచుట్టల్లో విద్యుత్తు పుడుతుంది. ఈ సూత్రాన్ని 1831లో ఫారడే కనిపెట్టాడు. పుట్టిన విద్యుత్తు అటూ ఇటూ ఊగుతుంది కనక, డయోడులు దాన్ని ఒకే దిక్కుకు మళ్ళించి బ్యాటరీకి పంపుతాయి.

అయితే ఒక చిక్కున్నది. ఇంజను బజారులో నెమ్మదిగా తిరుగుతుంది, రహదారి మీద జోరుగా తిరుగుతుంది. జోరు పెరిగితే వోల్టేజి కూడా పెరుగుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నిండటానికి కావలసింది సుమారు 14 వోల్టులు. అంతకు బాగా తగ్గితే బ్యాటరీ నిండదు. బాగా మించితే అందులోని నీరు హైడ్రొజను, ఆక్సిజను వాయువులుగా విడిపోయి ఎగిరిపోతుంది. మా బ్యాటరీలో నీళ్ళు ఏమయాయో తెలిసిందా? కనక వోల్టేజి పెరిగినప్పుడు ఆ అయస్కాంతం బలం తగ్గించాలి, తగ్గినప్పుడు పెంచాలి. ఈ పని చేసేదే రెగ్యులేటరు.

తాతగారు నవ్వి, "అంటే లస్కరు నిద్రపోయాడన్నమాట!" అన్నారు. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967లో. అప్పటికి ఆయన బడిపిల్లవాడు. ఆ తరవాత జీవితమంతా ఎడమ కాలువ కింద వరి పండించారు.

మా పాత రెగ్యులేటరు ఆల్టర్నేటరుకు దూరంగా, బానెట్టు లోపల ఒక రేకుపెట్టెలో ఉండేది. ఎలక్ట్రీషియను మూత తీసి చూపించాడు. లోపల ఒక తీగచుట్ట, ఒక స్ప్రింగు, ఒకదాన్నొకటి తాకే రెండు లోహపు మొనలు ఉన్నాయి. వోల్టేజి హెచ్చితే తీగచుట్ట ఒక మొనను లాగి విడదీస్తుంది; తగ్గితే స్ప్రింగు మళ్ళీ కలుపుతుంది. సెకనుకు ఎన్నోసార్లు ఇలా జరుగుతుంది. ఏళ్ళ తరబడి నిప్పురవ్వలు రేగి, మొనలు కాలి, చివరకు అంటుకుపోయాయి. షట్టరు తెరిచినది తెరిచినట్టే ఉండిపోయింది!

"ఇలాంటి పెట్టే ఇంకొకటి పెట్టవచ్చు. కాని పెట్టెకూ ఆల్టర్నేటరుకూ మధ్య తీగలున్నాయి. వాటి అతుకులు తుప్పుపడితే మంచి రెగ్యులేటరుకు కూడా తప్పు లెక్క అందుతుంది," అన్నాడతను.

1947లో ట్రాన్సిస్టరు పుట్టాక ఈ పనికి కదిలే మొనలతో అవసరం లేకపోయింది. అందుచేత రెగ్యులేటరు అగ్గిపెట్టెంత అయి, ఆల్టర్నేటరు లోపలికే చేరింది. మా ఆల్టర్నేటరుకు అలాంటిది సరిపోయేది దొరికింది. కొన్నిటికి దొరకదు, అప్పుడు ఆల్టర్నేటరునే మార్చాలి.

అతను ముందుగా బ్యాటరీ తీగ ఊడదీశాడు. ఆల్టర్నేటరు వెనక బ్రష్షుల గూడు విప్పి, బ్రష్షులూ రెగ్యులేటరూ కలిసి ఉన్న ముక్కను అక్కడ బిగించాడు. పాత పెట్టె తీగలు తొలగించాడు. ఒక తూముకు ఇద్దరు లస్కర్లు పనికిరారు గదా! బ్యాటరీకి పోయే లావు తీగను మార్చి, ఎర్త్ అతుకు గీకి శుభ్రం చేశాడు. డాష్‌బోర్డు మీది చిన్న ఎర్రదీపాన్ని మాత్రం జాగ్రత్తగా కలిపాడు. తాళం తిప్పగానే దాని గుండా పారే కొద్ది విద్యుత్తే ఆల్టర్నేటరును నిద్రలేపుతుంది. ఇంజను నడిచాక ఆ దీపం ఆరిపోతే ఆల్టర్నేటరు విద్యుత్తు పుట్టిస్తున్నట్టు.

"లోపల వేడికి ఇది పాడవదా?" అని తాతగారు అడిగారు.

"పాడయితే ఆల్టర్నేటరు వెనక మళ్ళీ విప్పవలసిందే. పాత పెట్టెలో ఆ సుఖం ఉన్నది, నాలుగు మరలు తీస్తే చాలు. కాని ఇందులో కాలిపోయే మొనలు లేవు," అన్నాడతను, దాచకుండా.

ఇంజను ఎంత వేగంగా నడిపినా మీటరు 14 దాటి కాస్త పైన నిలిచింది. పిల్లలూ, ఒక్కమాట: ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఎన్నడూ ఊడదీయరాదు, వోల్టేజి ఎగిరిపడి డయోడులు మాడిపోతాయి. బ్యాటరీ దగ్గర నిప్పు ఉంచరాదు, హైడ్రొజను భగ్గుమంటుంది.

నెల తిరిగాక తాతగారు బ్యాటరీ మూతలు తీసి చూశారు. నీరు ఎక్కడిది అక్కడే ఉన్నది. ఆయన బ్యాటరీని చేత్తో తట్టి, "నిన్ను ఊరికే తిట్టాను," అన్నారు.