అరువు జెండా క్రింద యుద్ధనౌక

యుద్ధకాలమున క్రొత్త ఓడను కట్టుటకు వ్యవధి చాలదు, కట్టియున్నదానిని కొనవలెను. అట్టి కొనుగోలు నొకదానిని మీకు విన్నవించెదను.

1884లో ఇంగ్లాండునందలి ఆర్మ్‌స్ట్రాంగు కంపెనీవారు చిలీ దేశమునకు 'ఎస్మెరాల్డా' యను క్రూయిజరును కట్టియిచ్చిరి. తాబేటిచిప్పవలె లోపలి ఉక్కుతట్టు యంత్రములను, మందుగుండును కాపాడుటచే నిట్టివానికి రక్షిత క్రూయిజరులని పేరు.

1894లో చీనాతో పోరుచున్న జపాను దీనిని కొనగోరెను. చిలీ తటస్థరాజ్యము, నేరుగా అమ్మరాదు. కావున ఈక్వడారునకు అమ్మినట్లు చూపి, ఆ దేశపు జెండా నెత్తి ఓడను పంపిరి. 1895లో జపాను చేరి 'ఇజుమి' యయ్యెను. యాలూ సముద్రయుద్ధమున కది అందలేదు. కాని 1905లో త్సుషిమాయొద్ద రష్యా నౌకలను కనిపెట్టుచు వార్తలు పంపెను.

ఈక్వడారు ప్రజలు మాత్రము తమ జెండాను అమ్ముకొనిరని మండిపడిరి. అధ్యక్షుడు కోర్డేరో 1895 ఏప్రిలులో పదవి విడిచెను. ఓడకు వెల కలదు గాని జెండాకు లేదని నా మనవి.