యంత్రము కొఱకు పుట్టిన అక్షరములు

విద్యార్థులారా! అక్షరమునకు రూపము నిచ్చునది వ్రాయు సాధనమా, చదువు కన్నా? ఈ ప్రశ్నను లోకము ముందుంచిన ఒక వింత లిపిని గూర్చి మీకును, మీ తల్లిదండ్రులకును తెలుపుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మన తెలుగు అక్షరములు గుండ్రనివి. తాటాకుపై గంటముతో అడ్డగీత గీచినచో ఆకు చీలును గనుక మన లిపియు, కన్నడ, ఒరియా లిపులును వంపులు తిరిగినవని పెద్దలు చెప్పుదురు. సాధనమును బట్టి రూపము మారుట క్రొత్త విషయము కాదన్నమాట.

1965 ప్రాంతమున జర్మనీలో హెల్ అను సంస్థ 'డిజిసెట్' అను అక్షరకూర్పు యంత్రమును నిర్మించెను. అందు సీసపు అచ్చులు లేవు. టెలివిజనులో వలె గాజుగొట్టముపై వెలుగుతో అక్షరము ఏర్పడును. కాని చిన్న అక్షరములలో వంపులు నునుపుగా రాక మెట్లుమెట్లుగా విరిగి కనబడెను. నెదర్లాండ్సు దేశమున ముద్రణ రూపకల్పనలో పేరుగాంచిన విమ్ క్రౌవెల్ (1928–2019) దీనిని గమనించి, ఆ యంత్రమునకు సులభమైన అక్షరములనే కూర్ప సంకల్పించెను.

1967లో ఆయన ప్రకటించిన 'న్యూ ఆల్ఫబెట్', అనగా నూతన వర్ణమాల, అట్టిది. అందున్నవి నిలువు గీతలును, అడ్డగీతలును మాత్రమే. మూలలు 45 డిగ్రీల కోణమున కోసినట్లుండును. వంపు మచ్చునకైనను లేదు. 'ఎన్' అక్షరము క్రింద గీత గీచిన 'ఎమ్' అగును. యంత్రమునకు సులభమయ్యెను గాని చదువరికి దుర్గమమయ్యెను. ఆ యేడే గెరార్డ్ ఉంగర్ అను యువకుడు దీనికి ప్రతిపాదన నొకదానిని ప్రకటించి, కంటికి అలవడిన రూపములను విడువకయే యంత్రమునకు తగిన అక్షరములు చేయవచ్చునని చూపెను. తన లిపి ఒక ప్రయోగమే యని క్రౌవెలును అంగీకరించెను.

కాలక్రమమున యంత్రములు సూక్ష్మమైనవి. నేడు చేతిలోని ఫోనుపై మన వత్తులును, గుడులును నునుపుగా కనబడుచున్నవి. ఆ కోణాక్షరముల అవసరము తీరిపోయినను అందము నిలిచినది. 2011లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల వానిని తన సేకరణలో చేర్చుకొనెను.

దీనివలన మనము గ్రహింపవలసిన దేమి? 'పాఠము' అను మాటలో చిన్న చుక్కను విడిచినచో అది 'పారము' అగును. మన బాలలకు వీథి పొడుగునను కనబడునది పొరుగు లిపి. తెలుగు అక్షరము బడిలోను, ఇంటిలోను మాత్రమే కంటబడును. కావున గోడపత్రికకు శీర్షిక వ్రాయునపుడు అక్షరమును ఎంత అలంకరించినను, దాని గుర్తును చెరుపరాదు.

గళ్ల కాగితముపై సరళరేఖలతో మీ పేరు వ్రాసి, దానిని మీ యింటిలోని చిన్నవారిచేత చదివింపుడు. వారు ఏ అక్షరముకడ ఆగుదురో, ఆ అక్షరమునకు ప్రాణమైన గుర్తు ఏదియో మీకే తెలియును.