చెరువు మీద అలిగితే చెరువుకి తెలుస్తుందా?

మా మిత్రుడొకాయన ఒక విమానయాన సంస్థ విమానం పదకొండేళ్ళుగా ఎక్కడం లేదు. ఒకసారి హైదరాబాదు వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మగారి కోసం ముందే చెప్పిన వీల్‌ఛెయిర్ రాలేదు. అడిగితే కౌంటర్లో ఉన్నావిడ విసుక్కుంది. అంతే, ఆ రోజునుంచి బహిష్కరణ! టికెట్ రెండొందల డాలర్లు తక్కువకొచ్చినా సరే, రెండు చోట్ల దిగి ఎక్కుతాడు గానీ ఆ విమానం మాత్రం ఎక్కడు. చిక్కల్లా ఏమిటంటే, ఈ సంగతి మా స్నేహితులందరికీ తెలుసు, ఆ సంస్థకు తప్ప. చెరువు మీద అలిగినవాడి సామెత మీకు తెలిసిందే. పూర్తిగా రాస్తే సంపాదకులు కత్తెర వేస్తారు కాబట్టి ఇక్కడితో ఆపుతున్నాను.

నవ్వుకుంటాం గానీ, మనలో చాలామందికి ఇలాంటి అలకలు ఒకటో రెండో ఉంటాయి. ఒకరు ఫలానా కాఫీ తాగరు, ఇంకొకరు ఫలానా కంపెనీ బూట్లు కొనరు. వీటిని తేలిగ్గా తీసిపారెయ్యడానికి నాకు మనసొప్పదు. హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి, గ్రీన్ కార్డు వరసలో ఏళ్ళ తరబడి నిలబడ్డవాళ్ళకి ఈ దేశంలో ఓటు లేదు. ఏదైనా ఊరేగింపుకి వెళ్దామంటే "ఎందుకొచ్చిన గొడవ, స్టేటస్‌కి ఏమన్నా అయితే?" అంటారు ఇంట్లోవాళ్ళు. ఇక మిగిలింది జేబులో పర్సు. కొనకుండా ఉండడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మరి ఆ కొనకపోవడం ఎప్పుడు నిరసన అవుతుంది, ఎప్పుడు ఉత్త అలకగా మిగిలిపోతుంది? ఏదైనా ఎలా పనిచేస్తుందో విప్పి చూసే అలవాటున్న వృత్తి కాబట్టి, దీన్నీ కాస్త విప్పి చూశాను.

అసలు "బాయ్‌కాట్" అన్నది ఒక మనిషి ఇంటిపేరు. చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ ఐర్లండులో మేయో జిల్లాలో ఒక జమీందారు భూములకు ఏజెంటు, మన లెక్కలో దివాను లాంటివాడు. 1880లో పంటలు బాగాలేక కౌలు తగ్గించమని రైతులు అడిగితే, కోరినంత తగ్గించలేదు సరికదా భూములు ఖాళీ చెయ్యమని నోటీసులు పంపాడు. దాంతో కూలీలు పనికి రావడం మానేశారు, దుకాణదారులు సరుకు అమ్మడం మానేశారు. పంట కొయ్యడానికి ఉత్తరాన అల్‌స్టర్ నుంచి 50 మందిని తెస్తే, వాళ్ళకి కాపలాగా దాదాపు వెయ్యిమంది సైనికులూ పోలీసులూ కావలసి వచ్చారు. కోసిన పంట విలువకన్నా కాపలా ఖర్చు ఎన్నో రెట్లయింది! ఆ డిసెంబరుకల్లా ఆయన ఐర్లండు వదిలి వెళ్ళిపోయాడు. ఇదే ఆయుధం బలవంతుల చేతిలో పడితే ఏమవుతుందో తెలుగువాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో దళితుల్ని చంపడానికి ముందు, వాళ్ళకి పనులివ్వకుండా సాంఘిక బహిష్కరణే చేశారు.

ఐర్లండులో జరిగింది అందరూ ఒకరికొకరు తెలిసిన పల్లెలో. నగరాల్లో, ముక్కూ మొహం తెలియని లక్షలమందితో ఇది ఎలా నడుస్తుందో చూడాలంటే ద్రాక్షపళ్ళ కథ చెప్పుకోవాలి. నేనుండేది కాలిఫోర్నియాలో. ఇక్కడ 99 హైవే మీద దక్షిణానికి వెళ్తుంటే డెలానో అనే ఊరొస్తుంది. 1965 సెప్టెంబరు 8న అక్కడి ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వంలో పని ఆపేశారు. గంటకి డాలరు నలభై సెంట్లు, పెట్టెకి పాతిక సెంట్లు ఇమ్మని వాళ్ళ కోరిక. కొద్ది రోజుల్లోనే సీజర్ చావెజ్ వెంట ఉన్న మెక్సికన్ కూలీలూ కలిశారు. కానీ సమ్మె ఒక్కదానితో పని జరగలేదు. తోటల యజమానులు బయటినుంచి వేరే కూలీల్ని తెచ్చుకున్నారు. అప్పుడు సంఘంవాళ్ళు పంటని తోటలో కాక అంగట్లో ఆపాలని చూశారు.

మొదట ఒక్క పెద్ద కంపెనీ ద్రాక్షనే కొనొద్దన్నారు. ఆ కంపెనీ ఏం చేసిందో తెలుసా? ఇతర తోటలవాళ్ళ లేబుళ్ళు అతికించి తన సరుకు అమ్మింది! ఏ పెట్టె ఎవరిదో కొనేవాళ్ళకి తెలిసే దారి లేకుండా పోయింది. దాంతో 1968లో పిలుపు మార్చేశారు: కాలిఫోర్నియా ద్రాక్ష ఏదీ కొనొద్దు. నాకు ఇది భలే నచ్చింది. అమ్మమ్మలకి కూడా అర్థమయ్యే సూచన, గుర్తుపెట్టుకోవడానికి జాబితా అక్కర్లేదు. పైగా ద్రాక్ష ఉప్పూ పాలూ కాదు, లేకపోతే ఇల్లు గడవదనేం లేదు. నిలవుండే సరుకూ కాదు, రోజులు గడిస్తే కుళ్ళిపోతుంది, కాబట్టి తొందర అమ్మేవాడిదే.

తోటలో పనిచేసిన కూలీలే న్యూయార్క్, షికాగో, బోస్టన్, టొరంటో లాంటి ఊళ్ళకి వెళ్ళి దుకాణాల ముందు నిలబడ్డారు. లోపలికి వెళ్ళేవాళ్ళని ద్రాక్ష కొనొద్దని మాత్రమే అడగలేదు, ఎందుకు కొనడం లేదో మేనేజరుకి చెప్పి వెళ్ళమన్నారు. కీలకమంతా ఇక్కడే ఉంది. ఒక ఇల్లాలు ద్రాక్ష తీసుకోకుండా వెళ్ళిపోతే మేనేజరు "ఈవారం పళ్ళు బాగాలేవు కాబోలు" అనుకుంటాడు. పదిమంది వచ్చి కారణం చెబితే పై ఆఫీసుకి ఫోన్ చేస్తాడు.

ఇంకో విచిత్రం చట్టంలో ఉంది. తమతో తగాదా లేని దుకాణాలని కూడా దెబ్బ తీసే బహిష్కరణలు చెయ్యకూడదని కార్మిక సంఘాల మీద ఫెడరల్ నిషేధం ఉంది. కానీ 1935 నాటి కార్మిక చట్టం వ్యవసాయ కూలీలని అసలు లెక్కలోకే తీసుకోలేదు. చట్టం ఇచ్చిన హక్కులు వాళ్ళకి లేవు, కాబట్టి దాని నిషేధాలూ లేవు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఆ బగ్గే వాళ్ళకి ఫీచర్ అయింది. ఈలోగా పెంటగాన్ వియత్నాంలోని సైనికుల కోసం ద్రాక్ష కొనుగోళ్ళు పెంచిందనుకోండి, అదీ చాల్లేదు. 1970లో కొందరు యజమానులు ముందుగా ఒప్పందం చేసుకుంటే, వాళ్ళ పెట్టెల మీద సంఘం నల్ల గద్ద గుర్తు పడింది, అవి బాగా అమ్ముడుపోయాయి. జులై 29న డెలానో యజమానులు సంతకాలు పెట్టారు.

ఒకే పండు, ఒకే సంఘం, ఒకే నాయకుడు. 1984లో చావెజ్ పురుగుమందుల వాడకం మీద మళ్ళీ ద్రాక్ష బహిష్కరణకి పిలుపిచ్చారు. 1988లో 36 రోజులు ఉపవాసం కూడా చేశారు. ఈసారి దుకాణాల ముందు మనుషుల బదులు, కంప్యూటర్లతో చిరునామాలు తీసి ఇళ్ళకి ఉత్తరాలు పంపడం మీద ఎక్కువ ఆధారపడ్డారు. పదహారేళ్ళు గడిచాయి. 2000లో సంఘం దాన్ని విరమించింది. అది ఇంకా నడుస్తోందని అప్పటికి చాలామందికి గుర్తే లేదు.

అలాగని తప్పు కంప్యూటర్లదనడానికీ లేదు. 2017 జనవరిలో, కొన్ని ముస్లిం దేశాలవాళ్ళ ప్రవేశాన్ని ఆపిన ఉత్తర్వుకి నిరసనగా న్యూయార్క్ టాక్సీ డ్రైవర్లు కెన్నెడీ విమానాశ్రయంలో గంటసేపు పని ఆపారు. ఉబెర్ ఆ సమ్మెని వాడుకుందని కోపమొచ్చి జనం లక్షల్లో ఖాతాలు తీసేశారు. అప్పటిదాకా ఆ కంపెనీలో ఖాతా తీసెయ్యడం మనుషులు చేతితో చేసే పని. ఆ తాకిడికి దాన్ని ఆటోమేట్ చెయ్యాల్సి వచ్చింది! కొద్ది రోజుల్లోనే వాళ్ళ సీఈవో అధ్యక్షుడి సలహా మండలి నుంచి తప్పుకున్నారు. ఎందుకు వెళ్తున్నారో కంపెనీకి అదే రోజు తెలిసింది.

ఇంతవరకూ చెప్పినవాటిలో కూలీలో డ్రైవర్లో, బాధ పడేవాళ్ళే ముందు నిలబడ్డారు. అలా కానప్పుడు చిక్కొస్తుంది. నేను ఎమ్మెస్ చదివిన ఊళ్ళో ఒక ఇండియన్ గ్రాసరీ ఉండేది. అక్కడ పనిచేసే మన స్టూడెంట్లకి కనీస వేతనం కన్నా తక్కువ, అదీ చేతికి నగదుగా ఇచ్చేవారు. అది తెలిసి కొన్ని కుటుంబాలు అక్కడ కొనడం మానేద్దామనుకున్నాయి. ఈలోగా ఆ షాపులో చేసే కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి "అన్నా, మీరంతా రావడం మానేస్తే ముందు పోయేది నా షిఫ్టే. కంప్లైంటు ఇచ్చారంటే నా ఎఫ్-1 కూడా పోతుంది" అన్నాడు. మేం కొనడం ఆపలేదు. నలుగురం వెళ్ళి ఓనరుగారితో కూచుని మాట్లాడితే గంటకి డాలరున్నర పెంచారు. అప్పటికీ అది కనీస వేతనానికి తక్కువే. అంతకన్నా గట్టిగా అడిగే వీలు ఉందా లేదా అన్నది ఈనాటికీ నాకు తేలలేదు.

బాధితులే పూనుకున్నా ఎంత కాలం మోయగలరన్నది ఇంకో లెక్క. ఎడిన్‌బరోలో చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1921లో చీరాల-పేరాల జనాన్ని, మున్సిపాలిటీ పన్ను కట్టేకన్నా ఊరే వదిలేద్దామని ఒప్పించారు. వేలమంది ఇళ్ళకి తాళాలు వేసి ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్నారు. ఎండా వానా ఓర్చుకుంటూ దాదాపు పదకొండు నెలలున్నారు. ఆయన్ని జైల్లో పెట్టారు, ప్రభుత్వం దిగిరాలేదు, జనం తిరిగి ఇళ్ళకి వెళ్ళారు. ద్రాక్ష తినకపోవడం ఎవరైనా అయిదేళ్ళు చెయ్యగలరు. ఇల్లు లేకుండా ఉండడం అలా కాదు కదా.

అందుకని నేను ఏదైనా కొనడం మానేస్తే మూడు వాక్యాల ఉత్తరం రాస్తున్నాను: ఏడాదికి మీ దగ్గర ఎంత ఖర్చు పెడుతున్నాను, ఎందుకు ఆపాను, ఏం మారితే మళ్ళీ వస్తాను. మూడోది రాయడం కష్టం. రాయలేకపోతే అది కోపమే గానీ కోరిక కాదని నా లెక్క. ఇలా రాయడానికీ, నలుగురికి చెప్పడానికీ భయపడక్కర్లేదు. మిసిసిపీ రాష్ట్రంలో నల్లజాతి పౌరులు తెల్లవాళ్ళ దుకాణాలని బహిష్కరించిన కేసులో, అలాంటి శాంతియుత బహిష్కరణకి వాక్‌స్వాతంత్ర్యపు రక్షణ ఉందని సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. ఆఫీసు ఈమెయిలు నుంచి మాత్రం రాయకండి. అలాగే గల్ఫ్ ప్రాజెక్టుల మీద పనిచేసేవాళ్ళు, ఫలానా దేశంతో వ్యాపారం చెయ్యబోమని హామీ అడిగే కాగితం కనిపిస్తే సంతకం పెట్టకుండా ముందు కంపెనీ లాయర్లకి చూపించండి. విదేశాలు పెట్టే బహిష్కరణల్లో అమెరికన్ కంపెనీలు పాలుపంచుకోవడం మీద 1970ల నుంచీ వేరే చట్టం ఉంది.