'కూడు' అర్థపరిణామం – పల్నాటి 'చాపకూడు'

పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడి పేరుతో ముడిపడిన మాట 'చాపకూడు'. కులభేదం పాటించక అందరూ ఒకే చాపపై భుజించడం దీని భావం. కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో జరిగే వీరారాధనోత్సవాలలో మందపోరునాడు ఈ ఆచారం నేటికీ కొనసాగుతున్నది.

ఇందలి ఉత్తరపదాన్ని 'కలియు' అనే అర్థంగల 'కూడు' క్రియతో అన్వయించాలనిపించడం సహజం. భావం చక్కగా కుదురుతుంది. వ్యుత్పత్తి మాత్రం కుదరదు. అన్నవాచకమైన 'కూడు'కు తమిళంలో 'కూఴ్' (జావ, ఆహారం), కన్నడంలో 'కూళు' సజాతీయాలు. తమిళ 'ఏఴు' తెలుగులో 'ఏడు', 'కోఴి' 'కోడి' అయినట్లే 'కూఴ్' 'కూడు' అయింది. క్రియారూపానికి తమిళంలో సమానపదం 'కూటు'. దానిలో ఴకారం లేదు. వేర్వేరు ధాతువులు తెలుగులో ఒకే రూపానికి చేరాయి. కనుక చాపకూడులో 'కలయిక' శ్లేషగా వినిపించే అర్థమే గాని మూలార్థం కాదు.

ఒకప్పుడు వండిన అన్నానికి సామాన్యవాచకమైన ఈ పదం క్రమంగా హీనార్థంలోకి జారింది. శిష్టవ్యవహారంలో సంస్కృత 'అన్నం', 'భోజనం' గౌరవస్థానాన్ని ఆక్రమించగా, 'కూడు' తేరకూడు, దొంగకూడు, పిండాకూడు వంటి సమాసాలకు పరిమితమైంది. కన్నడ 'కూళు'కూ దాదాపు ఇదే గతి పట్టింది. శ్రీనాథునికి ఆరోపితమైన పల్నాటి చాటువులోని 'జొన్నకూడు'లోనూ మెట్టపంట తిండిపట్ల చిన్నచూపు స్పష్టమే. అయితే 'కోటి విద్యలు కూటి కొరకే' అనే సామెతలో ఆ నైచ్యం లేదు. ఔపవిభక్తిక రూపమైన 'కూటి' పాత గౌరవాన్ని కొంత నిలుపుకొన్నది.

నేటి రచనలలో చాపకూడును 'సహపంక్తి భోజనం'గా వివరించడం పరిపాటి. ఈ పర్యాయం నిర్దుష్టం కాదు. పంక్తి అనగా వరుస. దాని తద్భవమే 'బంతి'. ధర్మశాస్త్ర పరిభాషలో పంక్తికి అర్హులు, అనర్హులు ఉన్నారు. 'పంక్తిబాహ్యుడు' అన్న మాట ఆ విభజననుండి పుట్టినదే. బహిష్కరణను సాధ్యంచేసిన పదంతోనే దాని నిరాకరణను నిర్వచించడం విడ్డూరం. చాపకు వరుసతో పనిలేదు. అది కింద పరిచే సాధారణ వస్తువు. మాల కన్నమదాసును కుమారునిగా స్వీకరించిన బ్రహ్మనాయుడి గాథకు అతి సామాన్యమైన ఈ రెండు దేశ్యపదాలే తగినవి. 'కూడు' మోటుమాటగా తోచేది నేటి చెవికే. ఆ సమాసం ఏర్పడిననాటి చెవికి కాదు.