డెలావేర్ ఒడ్డున సైకిల్ దారి గీసుకోవడం ఎలా?

ఆదివారం క్లాసులు అయిపోయాక గుణింతాల కాగితాలు సర్దేసి సైకిళ్ళ కబుర్లలో పడే వాలంటీర్లం మన బడిలో అయిదారుగురం ఉన్నాము. మూడేళ్ళ క్రితం మొదటిసారి డెలావేర్ నది వెంట వెళ్ళినప్పుడు దారి గీసింది కోనసీమలో పుట్టి పెరిగిన మిత్రుడు. నది పక్క దారే కదా, ఎత్తుపల్లాలేం ఉంటాయని మేమెవ్వరమూ అడగలేదు.

లాంబర్ట్‌విల్ నుంచి 29వ నంబరు రోడ్డు మీద ఉత్తరంగా ఫ్రెంచ్‌టౌన్ దాకా 16 మైళ్ళు హాయిగా సాగింది. వెళ్ళిన దారినే రావడం దేనికని అక్కడ తూర్పుకి తిరిగి, 12వ నంబరు రోడ్డు మీద బాప్టిస్ట్‌టౌన్ వైపు ఎక్కాము. ఎక్కామనడం గొప్పకే, సగం దూరం సైకిళ్ళు తోసుకుంటూ నడిచాము. జులై ఎండ. సీసాల్లో నీళ్ళు అయిపోయాయి. మాలో పెద్దాయన కళ్ళు తిరిగి రోడ్డు పక్కన కూలబడ్డారు. ఎవరో పుణ్యాత్ముడు ట్రక్కు ఆపి ఆయన్నీ, సైకిల్నీ లాంబర్ట్‌విల్ చేర్చాడు.

తర్వాత తీరిగ్గా కూర్చుంటే తప్పెక్కడ జరిగిందో తెలిసింది. కోనసీమలో ఏటిగట్టు దిగితే ఎటు చూసినా చదునే, అది గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు నేల. ఇక్కడ నది కొండల మధ్య లోయ కోసుకుని పోతోంది. చదునంతా ఒడ్డున సన్నటి పట్టీ మాత్రమే. అది వదిలి పక్కకి తిరిగితే చాలాచోట్ల మూడు నాలుగు వందల అడుగులు ఎక్కాల్సిందే. అంటే ఇది ధవళేశ్వరం దిగువ గోదావరి కాదు, పాపికొండల గోదావరి.

కాబట్టి ముందు చూడవలసింది మైళ్ళు కాదు, ఎత్తు. మ్యాపులో ఒకే ఎత్తుని కలిపే గీతలు ఎక్కడ దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ వాలు ఎక్కువ. 100 అడుగులు ముందుకి వెళ్ళేసరికి 5 అడుగులు పైకి వెళితే 5 శాతం. కారులో ఇది తెలియను కూడా తెలియదు. రోజూ తొక్కే అలవాటు లేనివాళ్ళకి మాత్రం ఇలాంటిది అర మైలు సాగితే ఊపిరి అందదు. మొత్తం ఎక్కుడు ఎంత అన్న ఒక్క అంకె చూసి మోసపోకండి, అది ఎక్కడెక్కడ ఉందో చూడండి.

ఒడ్డు వదలకుండా చుట్టు తిరిగి రావాలంటే నది దాటాలి. అందుకే మేమిప్పుడు రోడ్లకన్నా ముందు వంతెనలు గుర్తు పెట్టుకుంటాము. దక్షిణం నుంచి వరసగా లాంబర్ట్‌విల్ - న్యూ హోప్, స్టాక్‌టన్ - సెంటర్ బ్రిడ్జ్, బుల్స్ ఐలాండ్ - లంబర్‌విల్, ఫ్రెంచ్‌టౌన్ - యూలర్స్‌టౌన్. మూడోది నడిచేవాళ్ళకే, కార్లు పోవు. రెండు ఒడ్లూ నిచ్చెన నిలువు కర్రలనుకుంటే ఇవి మెట్లు. ఫ్రెంచ్‌టౌన్ దాకా వెళ్ళి వస్తే సుమారు 32 మైళ్ళు, లంబర్‌విల్ దగ్గర దాటేస్తే 14, స్టాక్‌టన్ దగ్గరైతే 8. ఎవరికి ఓపిక ఎక్కడ అయిపోతే అక్కడే తిరిగి రావచ్చు. లూపుకి ఎగ్జిట్ కండిషన్ లేకపోతే ఏమవుతుందో మనలో చాలామందికి వేరే చెప్పక్కర్లేదు! వంతెనల మీద మాత్రం సైకిల్ దిగి కాలిబాట మీద నడిపించుకు వెళ్ళాలి, అది అక్కడి నిబంధన. మరమ్మతులకి ఏదైనా మూశారేమో ముందురోజే చూసుకోండి.

ఇక ఏ వైపు నుంచి తిరగాలి? గడియారం ముల్లు తిరిగే వైపు. లాంబర్ట్‌విల్‌లో వంతెన దాటి, పెన్సిల్వేనియా ఒడ్డున 32వ నంబరు రోడ్డు మీద ఉత్తరంగా వెళ్ళి, మళ్ళీ నది దాటి 29 మీద దక్షిణంగా దిగాలి. మనం రోడ్డుకి కుడి పక్కన తొక్కుతాము కాబట్టి, రెండు ఒడ్లలోనూ నది మన వైపే ఉంటుంది. మలుపులన్నీ దాదాపు కుడివే, ఎదురొచ్చే కార్లకి అడ్డంగా తిరిగే పని తక్కువ. ఈ చిన్న విషయం మాకు రెండో ఏడాదికి గాని తట్టలేదు.

32వ నంబరు రోడ్డు అందమైనదే గాని ఇరుకు, మలుపులెక్కువ, చాలాచోట్ల పక్కన జాగా ఉండదు. చిన్నపిల్లల్ని దాని మీదికి తీసుకెళ్ళకండి. వాళ్ళకి న్యూజెర్సీ ఒడ్డున ఫ్రెంచ్‌టౌన్ నుంచి లాంబర్ట్‌విల్ మీదుగా ట్రెంటన్ వైపు పోయే కాలిబాట ఉంది, కార్ల బెడద లేదు. బుల్స్ ఐలాండ్ దిగువన అది 1830లలో తవ్విన కాలువ గట్టు. కంకరపొడి బాట కనుక సన్నటి టైర్లు పనికిరావు. న్యూజెర్సీలో 17 ఏళ్ళలోపు వాళ్ళకి హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి. పెద్దలు లేకుండా వస్తే మేము ఒప్పుకోము.

వాన విషయంలో మేము బొత్తిగా మొహమాటపడము. 2004, 2005, 2006 వరసగా మూడేళ్ళు ఈ నదికి పెద్ద వరదలు వచ్చాయి. నది పొంగేముందు కాస్త వ్యవధి ఉంటుంది, దానిలో కలిసే వాగులకి ఉండదు. 2023 జులైలో వాషింగ్టన్ క్రాసింగ్ దగ్గర ఉన్నట్టుండి వాగు పొంగి రోడ్డు మీద పోతున్న ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. ఉరుముల సూచన ఉంటే మా ప్రయాణం ఆ వారానికి లేనట్టే.

ఈసారి అక్టోబరులో, ఆకులు రంగు మారాక, 14 మైళ్ళ చుట్టు అనుకుంటున్నాము. ఉదయం ఎనిమిదికల్లా లాంబర్ట్‌విల్ చేరితే కారు పెట్టుకోవడానికి చోటు దొరుకుతుంది. ఒక్కొక్కరూ రెండు సీసాల నీళ్ళు తెచ్చుకోండి. మా పెద్దాయన మూడు తెస్తున్నారు.