గాదె వద్ద పిల్లికి పిడుదుల మందు: తెలియవలసిన జాగ్రత్తలు

ధాన్యపు గాదెలు, విత్తన గదుల వద్ద ఎలుకల బెడద తగ్గించేందుకు పిల్లిని పెంచడం రైతుల ఇళ్లలో పాత అలవాటే. దానికి పిడుదులు, మిన్నల్లులు పట్టినప్పుడు, గేదెలకు పిచికారీ చేయగా మిగిలిన మందునో, కుక్కకు తెచ్చిన చుక్కల మందునో పూయడం కూడా కనిపిస్తుంది. చిక్కు ఇక్కడే ఉంది. పశువుకు మేలు చేసిన ఆ మందు పిల్లి ప్రాణం తీయవచ్చు.

ఈ మందుల్లో అధికం సింథటిక్ పైరిత్రాయిడ్లు. చామంతి జాతి మొక్క పూలలోని పైరిత్రిన్‌ల నమూనాపై, 1973లో ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో పెర్మెత్రిన్ రూపొందింది. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ దాని తోబుట్టువులే. ఇవి నరాలలోని సోడియం మార్గాలను మూసుకోనివ్వవు. నరం ఆగకుండా స్పందిస్తూనే ఉంటుంది. ఇతర జంతువుల కాలేయం ఈ పదార్థాలను విడగొట్టి, గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి త్వరగా బయటకు పంపుతుంది. పిల్లిలో ఆ శక్తి చాలా తక్కువ. ఫినైల్ పిల్లికి ప్రమాదకరం కావడానికీ ఇదే లోపం కారణం.

కుక్కల చుక్కల మందుల్లో పెర్మెత్రిన్ 45 శాతం, అంతకు మించి కూడా ఉంటుంది. 1 మి.లీ.లో 450 మి.గ్రా. అంటే, 4 కిలోల పిల్లికి కిలోకు వంద మి.గ్రా. దాటినట్లే. మందు వేసిన కుక్కను ఆనుకొని పడుకున్నా, దాన్ని నాకినా విషం సోకవచ్చు.

పిల్లులకని లేబులుపై స్పష్టంగా ఉన్న మందునే, బరువు, వయసు చూసి వాడాలి. ఫిప్రోనిల్ చుక్కల మందు పిల్లికి 10 శాతం ద్రావణం 0.5 మి.లీ. వరిలో కాండం తొలుచు పురుగుకు వాడే ఫిప్రోనిల్ 5 శాతం ఎస్.సి. కూడా అదే మందు కదా అన్న వాదన చెల్లదు. అందులోని సహాయక పదార్థాలు వేరు, అవి జంతువు చర్మానికి ఉద్దేశించినవి కావు. మెడ వెనుక, తల మొదట్లో, పిల్లి నాలుక అందని చోట వెంట్రుకలు పాయదీసి, మందును చర్మంపైనే వేయాలి. అది చర్మపు నూనెతో కలిసి ఒకటి రెండు రోజుల్లో ఒళ్లంతా పరుచుకుంటుంది. అందుకే ముందు, వెనుక రెండు రోజులు స్నానం చేయించకూడదు. పుండ్లున్న చోట వేయకూడదు. ఆరే వరకు మిగతా పిల్లులను దూరంగా ఉంచాలి.

పొరపాటున పైరిత్రాయిడ్ పడితే చొంగ కారడం, చెవులు అదరడం, వణుకు, మూర్ఛ కొద్ది గంటల్లోనే మొదలుకావచ్చు. మూర్ఛ లేనట్లయితే గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే ద్రవ సబ్బుతో వెంటనే కడిగి, తుడిచి, వెచ్చగా ఉంచాలి. వేడినీరు మందు ఇంకడాన్ని పెంచుతుంది, చలి దాని విషాన్ని పెంచుతుంది. వాంతి చేయించకూడదు. ఆర్గానోఫాస్ఫేట్ విషానికి వాడే అట్రోపిన్ దీనికి విరుగుడు కాదు. వణుకును అదుపుచేసే మెథోకార్బమాల్ వంటి మందులు పశువైద్యుని చేతిలోనే ఉంటాయి. మందు డబ్బానో, పొట్లమో పిల్లితోపాటు ఆసుపత్రికి తీసుకువెళితే వైద్యుడికి సగం పని తప్పుతుంది.